మంగళవారం దాకా ఈ తల నాది కాదు

పోయిన వారం మనం ఎక్కడ ఆగామంటే, బ్యూటీషియన్ కోర్సు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో, మెడ చుట్టూ నల్లగుడ్డ కట్టించుకుని నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అది లేకపోతే నాకు అద్దంలో మొహం సంగతి దేవుడెరుగు, అద్దం ఎక్కడుందో కూడా సరిగ్గా తెలియదు. కత్తిరింపు అయిపోయింది. నా కుడివైపు నిలబడ్డ టీచరూ, ఎడమవైపు నిలబడ్డ స్టూడెంటూ ఉన్నట్టుండి మాట్లాడటం మానేశారు. నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. అక్కడ ఆగాం.

కుడివైపు జుట్టు భుజం దాకా వచ్చి, కొసలు లోపలికి తిరిగి, పత్రిక అట్ట మీద బొమ్మకున్నట్టు ఉంది. ఎడమవైపు చెవి తమ్మె దగ్గరే ఆగిపోయింది. పోనీ ఆ ఆగడమైనా ఒక్కచోట ఆగిందా అంటే అదీ లేదు. చెవి ముందు ఒక రకంగా, చెవి వెనక ఇంకో రకంగా, ఎవరో మధ్యలో పనొదిలేసి వెళ్ళిపోయినట్టు ఉంది.

అక్కడ జుట్టు ఉచితంగా కత్తిరిస్తారు కాబట్టి వెళ్ళాను. ఉచితం అన్నాక ఏదో ఒక మెలిక ఉంటుందని నా బుర్రకు తట్టి ఉండాల్సింది. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, కుడి సగం టీచరు కత్తిరించి చూపిస్తుంది, ఎడమ సగం స్టూడెంటు చూసి కత్తిరిస్తుంది. మామూలు రోజుల్లో అయితే చివర్లో టీచరే రెండూ సమం చేసి పంపుతుందట. నేను వెళ్ళింది పరీక్ష రోజు. పరీక్ష తలను బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ చూసి మార్కులు వేసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ ఎగ్జామినర్ వచ్చేది మంగళవారం. మరి ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా అని టీచరుని అడిగితే, గుమ్మం దగ్గర బోర్డు మీద రాసి ఉందని చేయి చూపించింది. ఆ బోర్డు దాటేటప్పుడు నా కళ్ళు పిల్ల పాలసీసా మీద ఉన్నాయి, అది సంచిలో కారుతోంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. దానికి తోడు ఆ స్టూడెంటు నా రెండు చేతులూ పట్టుకుంది. నాకంటే పెద్దావిడ, ఇద్దరు పిల్లల తల్లి, పనిచేస్తున్న ఫ్యాక్టరీ మూతపడితే ఈ కోర్సులో చేరింది. "ముట్టుకోకు చెల్లీ. వంకరగా ఉన్నా ఏవో కొన్ని మార్కులు పడతాయి. తలే రాకపోతే అసలు పడవు. మళ్ళీ మొదట్నుంచీ చదవాలి" అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అసలు తప్పు ఆవిడదొక్కతిదే కాదు. కత్తిరిస్తున్నంతసేపూ "ఇంత పొట్టిగా పర్లేదా?" అని అడుగుతూనే ఉంది. నేనేమో ఏమీ కనబడకుండానే మసకలోకి చూసి బాగుంది, బాగుంది అని తల ఊపాను. నా నోరు పడిపోను, మంగళవారం దాకా ముట్టుకోనని మాట కూడా ఇచ్చేశాను.

మంగళవారం దాకా ఆ తల వాళ్ళది. సోమవారం పొద్దున షాపు తెరవకముందు ఆ తలతోనే నేను మా ఓనరు మేడం ముందు నిలబడాలి.

కొత్తగా ఈ కథ చదువుతున్నవాళ్ళ కోసం ఒక మాట. నాది కళ్ళజోళ్ళ షాపులో పని. పెళ్ళికి ముందు నుంచీ, పెళ్ళయ్యాకా ముందు కౌంటరు దగ్గరే కూర్చునేదాన్ని. వచ్చినవాళ్ళకు ఫ్రేములు పెట్టి చూపించడం, ముక్కు మీద జారకుండా వంచడం నా పని. పిల్ల పుట్టి, సెలవు పూర్తయి తిరిగి వెళ్ళేసరికి నా కుర్చీ వెనక గదిలోకి మారిపోయింది. అక్కడ అద్దాలు అరగదీసే మిషను, నీళ్ళలో కలిసిన తెల్లపొడి, మెడ నుంచి మోకాలి దాకా రబ్బరు ఆప్రాన్, కిటికీ లేని గోడలు. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా ఒక్క మనిషి మొహం కనబడదు. నా మొహం ఎవరికీ కనబడదు. ఎవరూ చూడని మొహానికి పౌడరెందుకని నేనే మానేశాను. తర్వాత దువ్వెన మానేశాను. ఒకరోజు బస్సులో పాత కాలేజీ స్నేహితురాలు నన్ను చూసి, పోల్చుకోక, పక్కకు జరిగి కూర్చుంది. ఆరోజు ఇంటికొచ్చి ఎంత ఏడ్చానో మా అమ్మకు తెలుసు. ఇప్పుడు కౌంటరు దగ్గరున్న అమ్మాయి మానేస్తోంది. ఆ కుర్చీ మళ్ళీ నాకు కావాలి. అంతే, ఈ కథలో నాకు కావలసింది అదొక్కటే.

"కాస్త మనిషిలా తయారై రా, చూద్దాం" అంది మేడం, నేను అడిగినప్పుడు.

మనిషిలా తయారవడం అంత తేలికైతే ఈపాటికి అయ్యేదాన్ని. తక్కువ ఖర్చులో తల్లులు అందంగా ఉండటమెలా అని పత్రికల్లో రాస్తారు చూడండి, అవి రాసేవాళ్ళ ఇంట్లో పిల్లలు గోడ మీద ఫోటోల్లో ఉంటారనుకుంటాను. తేనె రాసుకుని పావుగంట కదలకుండా కళ్ళు మూసుకోవాలట. నేను పావుగంట కళ్ళు మూసుకుంటే మా బుజ్జిది ఆ తేనె సీసాలో కాలు పెడుతుంది. రోజూ మీకంటూ కొంత సమయం కేటాయించుకోండి అంటారు. ఎవరి దగ్గర్నుంచి తీసి కేటాయించుకోవాలో మాత్రం రాయరు. మా ఆయన దూరప్రయాణాల బస్సు డ్రైవరు, వారానికోసారి ఇంటికొచ్చి సగం రోజు నిద్రపోతాడు. పాపం ఆయన్నేమనను. పిల్లను చూసుకునేది మా అమ్మ. నాన్న పోయాక నా దగ్గరికే వచ్చేసింది.

సోమవారం పొద్దున నేను చేసినదేమిటంటే, లిప్‌స్టిక్ గొట్టం అడుగున మిగిలినదాన్ని అగ్గిపుల్లతో గీకి రాసుకున్నాను. బొత్తాం ఊడని చొక్కా ఒక్కటే ఉంది, దానికి కాలరూ, ముందు భాగమూ మాత్రమే ఇస్త్రీ చేశాను, వెనకది షాపులో వేసుకునే కోటు కిందికి పోతుంది కదా అని. గడప దాటబోతుంటే బుజ్జిది భుజం మీద పాలు కక్కింది. తడిగుడ్డతో తుడిచి, ఎడమవైపు జుట్టు క్లిప్పుతో వెనక్కి లాగి, పళ్ళు నూరుకుంటూ బస్సెక్కాను.

మేడం షట్టరు సగం ఎత్తి, లోపల దీపాలు వేసుకుని కూర్చుంది. కళ్ళ మధ్య దూరం కొలిచే చిన్న స్కేలు ఎప్పుడూ ఆవిడ కోటు జేబులోంచి తొంగి చూస్తూ ఉంటుంది, అందుకని చాటుగా స్కేలు మేడం అంటాం. మనిషి మొహం కనబడగానే ఎడమెంత, కుడెంత అని కొలిచే అలవాటు. నేను లోపల అడుగు పెట్టానో లేదో ఆవిడ చూపు నా క్లిప్పు మీద పడింది.

ఏమిటా అవతారం అని అడగలేదు. క్లిప్పు తియ్యమంది. తీశాను. కాసేపు కుడి, కాసేపు ఎడమ చూసింది. నవ్వు ఆపుకోవడానికి బల్ల మీదున్న గుడ్డ తీసుకుని, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది. నాకు తల కొట్టేసినట్టయింది. జరిగిందంతా గబగబా చెప్పేశాను, ఎగ్జామినర్ సంగతీ, ఆ పెద్దావిడ సంగతీ, నేనిచ్చిన మాట సంగతీ. చెబుతూంటే నాకే వినడానికి ఏడ్చినట్టు ఉంది.

మేడం తన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, అరలోంచి ఒక కొత్త ఫ్రేము తీసి పెట్టుకుని, నా వైపు తిరిగి ఎలా ఉందని అడిగింది.

ఇది మా షాపులో అసలు పని. చూపు సరిగ్గా లేనివాళ్ళే కళ్ళజోడుకి వస్తారు. పాతది తీసి, పవర్ లేని ఖాళీ ఫ్రేము పెట్టుకోగానే వాళ్ళకి అద్దంలో తమ మొహం మసకైపోతుంది. అప్పుడు అద్దం వదిలేసి, దగ్గరగా కూర్చున్న మన మొహం వైపు చూస్తారు. మనం ఏమంటామో, ఎలా అంటామో దాన్నిబట్టి తాము బాగున్నామో లేదో నిర్ణయించుకుంటారు. ఇన్‌స్టిట్యూట్ కుర్చీలో నేను చేసిందీ అదే, కాకపోతే అక్కడ నా ఎదురుగా నిజం చెప్పే మనిషి లేదు.

బాగోలేదన్నాను. ఆవిడ ముక్కుకు ఆ ఫ్రేము మధ్యలో ఆనే వంతెన వెడల్పు ఎక్కువ, తల వంచితే జారుతుంది, పైగా ఆ గోధుమరంగు వల్ల కళ్ళకింద నల్లగా కనిపిస్తోందని కూడా అన్నాను. నా ఒళ్ళు మండుతోంది కాబట్టి తియ్యగా చెప్పే ఓపిక లేకపోయింది. అరలోంచి సన్నగా ఉన్న నల్లది తీసి పెట్టి, చెవుల దగ్గర సర్ది, ఇదీ ఇప్పుడు మీ మొహంలా ఉంది అన్నాను.

ఆవిడ ఫ్రేము తీసేసి తన జోడు పెట్టుకుంది.

"చూశావా, చేతులు మర్చిపోలేదు. నోరూ మర్చిపోలేదు. కానీ నువ్వు బాగుంది అంటున్నప్పుడు కూడా నీ మొహం అలిసిపోయి ఉంది. వచ్చినవాళ్ళు తమదే బాగోలేదనుకుంటారు."

అలిసిపోయినట్టు ఉన్నావు. ఈ మాట నాతో అనని మనిషి లేడు. పాల వాడు అంటాడు, బస్సు కండక్టరు అంటాడు, పిల్లకు టీకా వేసే నర్సు అంటుంది. అన్నవాళ్ళెవరూ ఆ సంచి ఇలా ఇవ్వు, కాసేపు మోస్తాను అన్న పాపాన పోలేదు. అప్పటిదాకా నోరు కట్టేసుకున్నదాన్ని ఇక ఆగలేకపోయాను.

"అలిసిపోయినట్టు ఉండటం కాదు మేడం, అలిసిపోయాను. ఆ వెనక గదిలో పడేశాక ఇంకెలా ఉంటాను? పిల్లని కని వచ్చిన మొహం కస్టమర్లకి చూపించడానికి మీకు నచ్చలేదు. ఆ ముక్క ఆరోజే నా మొహాన చెప్పాల్సింది."

అనేశాక ఉన్న ఉద్యోగం కూడా ఊడిపోతుందేమో అనుకున్నాను. ఆవిడకు కోపం రాలేదు. నిజంగానే అర్థం కానట్టు చూసింది. తర్వాత స్కేలు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"నేను మార్చడమేమిటి? మీ అమ్మగారు వచ్చి అడిగితేనే కదా మార్చాను. నువ్వు సెలవులో ఉన్నప్పుడు ఇక్కడికే వచ్చారు. నీకు ముందు కూర్చోవడం ఇష్టం లేదు, చెప్పుకోవడానికి మొహమాటం, లోపల పనివ్వండి అన్నారు. నువ్వు పంపావనే అనుకున్నాను."

అమ్మ. బస్సులో సంగతి చెప్పి నేను ఏడుస్తుంటే వీపు నిమిరిన అమ్మ. ఆ స్కేలు మేడం కళ్ళు నెత్తికెక్కాయి, పిల్లతల్లంటే లోకువ అని నాతో కలిసి తిట్టిన అమ్మ. ఎన్నిసార్లు తిట్టిందో. ఒక్కసారైనా నీళ్ళు నమిలిందా అని గుర్తు చేసుకోబోయాను. లేదు, నాకంటే గట్టిగా తిట్టేది.

మేడం ఇంకా చెబుతోంది. నేను అందంగా ఉండక్కర్లేదట, మెలకువగా ఉంటే చాలట. అబద్ధం చెప్పి ఫ్రేము అంటగట్టని మనిషి తనకు కావాలట. కుర్చీ నాదేనట, బుధవారం నుంచి, ఆ తల ఎవరిదో వాళ్ళకు చూపించేసి వచ్చాక. ఇన్నాళ్ళుగా ఈ మాట వినాలని నేను పడిన ఆరాటం ఇంతా అంతా కాదు, తీరా విన్నప్పుడు చెవిలోకి సగమే వెళ్ళింది. ఒక్క షరతు మాత్రం స్పష్టంగా వినబడింది. వెనక గదివాళ్ళు సాయంత్రమే వెళ్ళిపోతారు, కౌంటరు మనిషి షట్టరు దించేదాకా ఉండాలి, ప్రతిరోజూ. ఈరోజుకి వెనక గది పని మానేసి, ఇంటికెళ్ళి కుదుర్చుకోమంది. మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేస్తానని, కుదరదంటే సాయంత్రమే షాపు అద్దం మీద, మనిషి కావాలని బోర్డు పెట్టేస్తానని చెప్పింది.

బస్సు కోసం ఆగకుండా నడిచే ఇంటికి వెళ్ళాను. ఆగితే కోపం తగ్గిపోతుందేమోనని భయం. ఈరోజు తాడోపేడో తేలిపోవాలి. మెట్లెక్కుతూ ఒక్కొక్క మాటా పేర్చుకున్నాను. కన్నతల్లివై ఉండి ఎలా చెయ్యబుద్ధయింది అని మొదలుపెట్టాలి. చెప్పేది పూర్తయ్యేదాకా అమ్మను మాట్లాడనివ్వకూడదు.

తలుపు తెరిచే ఉంది. బుజ్జిది మంచం మీద గరిటెతో పళ్ళెం వాయిస్తోంది. అమ్మ బాత్రూమ్ అద్దం ముందు నిలబడి, భుజాల మీద పాత తువ్వాలు కప్పుకుని, తలకు నల్లరంగు వేసుకుంటోంది. చెవుల మీదా, నుదుటి అంచునా మరకలు. నేనెప్పుడూ అమ్మను రంగుతో చూడలేదు. అయినా నా ధోరణి ఆగలేదు. గుమ్మంలోనే నిలబడి అంతా అనేశాను. పేర్చుకున్నవి సగం మర్చిపోయాను, పేర్చుకోనివి ఎన్నో వచ్చాయి. నాకు లేని మొహమాటం అంటగట్టడానికి నువ్వెవరు అన్నాను. నేను ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నావు అన్నాను.

అమ్మ బ్రష్షు కడిగి పెట్టింది. కాదనలేదు, తిప్పి చెప్పలేదు.

"నీ కోసమని చెప్పను. నా కోసమే అడిగాను. లోపల పనైతే నువ్వు సాయంత్రానికి వచ్చేస్తావు, నేను కాస్త నడుం వాలుస్తాను. కౌంటరైతే నువ్వొచ్చేదాకా పిల్ల నా చంక దిగదు. నీతో చెబితే సరే మానేస్తాలే అంటావు, తర్వాత నన్ను చూసినప్పుడల్లా గుర్తు చేసుకుంటావు. అందుకే చెప్పలేదు. ఆ మేడాన్ని తిట్టింది మాత్రం భయంతో, నీకు తెలిసిపోతుందేమోనని."

నడుం నొప్పి అని అమ్మ ఎప్పుడైనా అందా? అంది. చాలాసార్లు అంది. నేను ఊఁ అని, మరుసటి రోజు పొద్దున పిల్లని చేతికిచ్చి వెళ్ళిపోయాను. అలిసిపోయినట్టు ఉన్నావు అని కూడా అన్నాననుకుంటా. ఐనా కోపం పోలేదు, ఆ కోపం పక్కనే సిగ్గు వచ్చి కూర్చుంది, అంతే.

సరే, జరిగిందేదో జరిగింది అన్నాను. గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతూ చెప్పాను. కుర్చీ తిరిగి వచ్చిందని, బుధవారం నుంచి అని, షట్టరు దించేదాకా ఉండాలని, ఆయన ఉన్నరోజు ఆయన చూసుకుంటాడని, నీకు పనిలో సాయానికి ఎవరినైనా చూస్తానని. ఎవరిని చూస్తానో, ఏమిచ్చి చూస్తానో నాకే తెలియదు. అమ్మ నా తల వైపు చూస్తూ విన్నది, పొడుగువైపు కాసేపు, పొట్టివైపు కాసేపు. మెచ్చుకుంటుందేమోనని, చిన్నపిల్లలా, ఎదురుచూశాను.

"నేనూ బుధవారం నుంచే వెళ్తున్నాను" అంది అమ్మ.

ఎక్కడికి అన్నాను.

సినిమా హాలుకట. సాయంత్రం ఆటలకు గుమ్మం దగ్గర నిలబడి టికెట్లు చూసి లోపలికి పంపాలట. వాళ్ళే కోటు ఇస్తారట, జుట్టు మాత్రం చక్కగా ఉండాలన్నారట, అందుకే ఈ రంగు. పోయిన వారమే మాట్లాడుకుని వచ్చిందట, పిల్లని చంకనేసుకుని. బుజ్జిది ఆ మేనేజరుని చూసి నవ్విందట. ఇదంతా చెబుతున్నప్పుడు అమ్మ మొహం నేనెరిగిన మొహంలా లేదు. చెవి మీద మరకతో, తువ్వాలుతో, ఎవరో వయసులో ఉన్న మనిషిలా ఉంది.

"ఇంత వయసొచ్చాక నీకిప్పుడు ఇదంతా అవసరమా?" నా నోట్లోంచి వచ్చేసింది.

అమ్మ అద్దంలోంచే నా వైపు చూసింది.

"నిన్ను కని, నీకు పెళ్ళి చేసి, నీ పిల్లని ఎత్తుకుని, ఇన్నేళ్ళలో నేను అద్దం చూసుకుంది కంట్లో నలక పడ్డప్పుడే. నీకు కుర్చీ పోతే ఇల్లంతా ఏడుపు. నాకసలు కుర్చీ అంటూ లేదని నీకు తట్టలేదు కదే?"

బుజ్జిది గరిటె కింద పడేసి ఏడుపు అందుకుంది. ఎవరం ఎత్తుకోవాలో తెలియనట్టు ఒకరినొకరం చూసుకున్నాం. ఎప్పుడూ అమ్మే ముందు కదిలేది. ఈసారి చేతులకు రంగంటిందని చూపించి నిలబడిపోయింది. నేను వెళ్ళి ఎత్తుకున్నాను. అది రెండు చేతులతో నా పొడుగువైపు జుట్టు పట్టుకుని వేలాడింది.

అప్పుడే ఫోను మోగింది. మేడం.

ఇంటి ఫోను అమ్మ పక్కన, బాత్రూమ్ గుమ్మం దగ్గరి అల్మరా మీద ఉంది. కుదురుతుంది అని ఒక్క ముక్క చెబితే చాలు, కుర్చీ నాది. అమ్మ పని ఏమవుతుందో, బుధవారం సాయంత్రం ఈ పిల్ల ఎవరి చంకలో ఉంటుందో తర్వాత చూసుకోవచ్చు. నేను ఆ ఒక్క ముక్కే చెబుతానని అమ్మకు తెలుసు. నాకూ తెలుసు.

పిల్లని ఒక చంకలోకి మార్చి, జుట్టు విడిపించుకుని చెయ్యి చాచేలోపు, అమ్మ తువ్వాలుతో వేళ్ళు తుడుచుకుని ఫోను ఎత్తేసింది.

"ఆఁ, నేనేనండీ, వాళ్ళమ్మని" అంది నా వైపే చూస్తూ. "మిమ్మల్ని అప్పుడొకసారి ఒక మాట అడిగాను. ఇప్పుడు ఇంకోటి చెప్పాలి."